వేడి ఎటు పోతోంది

జీపు నన్ను దించిన చోట రోడ్డు లేదు. ఇసుక మీద చక్రాల గుర్తులున్నాయి, అంతే. అవి కూడా నేను చూస్తుండగానే పూడిపోతున్నాయి. భుజాన కిట్ బ్యాగు, చేతిలో పనిముట్ల పెట్టె, నడుముకు నీళ్ల సీసా. ఏప్రిల్ నెల, మధ్యాహ్నం రెండు దాటింది. రాజస్థాన్ ఎడారిలో సరిహద్దుకు ఇవతల ఉన్న చిన్న పోస్టు అది. దాని పేరు చెప్పను. చెప్పినా మీకు మ్యాపులో కనిపించదు.

నేను సైన్యంలో ఎలక్ట్రికల్ మెకానిక్‌ని. హవల్దారుని. పుట్టింది బోధన్‌లో. సెలవు మీద ఊరికి వస్తే అందరూ తుపాకుల గురించే అడిగేవాళ్లు. ఆ పోస్టులో నాకు అప్పగించింది తుపాకీ కాదు, ఒక ఇన్వర్టర్. ఇప్పుడు మన దగ్గర చాలా ఇళ్లలో ఉంది కాబట్టి దాని సంగతి చెబితే మీకు అర్థమవుతుంది.

పోస్టు ఒక ఇసుక దిబ్బ మీద ఉంది. రెండు బంకర్లు, రేకుల వంటశాల, సగం భూమిలో పూడ్చిన నీళ్ల ట్యాంకు. బంకర్ల పైకప్పుల మీద సోలార్ పలకలు. వాటి నుంచి వచ్చే కరెంటు బ్యాటరీలలో చేరుతుంది. బ్యాటరీ కరెంటును మన ఇళ్లలో వాడే కరెంటుగా మార్చేది ఇన్వర్టర్. అది వైర్‌లెస్ సెట్టును, నాలుగు లైట్లను, ఒక చిన్న ఫ్రిజ్‌ను నడపాలి. ఫ్రిజ్‌లో కూల్‌డ్రింకులు లేవు. పాము కాటుకు ఇచ్చే మందు సీసాలున్నాయి. ఆ ఇసుకలో ఉండే పాము జానెడే. కరిస్తే నెత్తురు గడ్డకట్టకుండా పోతుంది. మందును చల్లగా ఉంచకపోతే పాడవుతుంది.

నేను బ్యాగు దించకముందే ఇన్వర్టర్ నుంచి బీప్ బీప్ అని చప్పుడు. ఎర్ర లైటు. తర్వాత నిశ్శబ్దం. ఫ్రిజ్ ఆగిపోయింది.

"వచ్చావా," అన్నాడు పోస్ట్ కమాండర్. సుబేదారు. నెరిసిన మీసాలు, నెమ్మదైన మాట. "రోజూ ఈ వేళకే పోతుంది. పొద్దుగూకాక తిరిగి లేస్తుంది. నాకు రెండే కావాలి. సెట్టు మాట్లాడాలి, మందు చల్లగా ఉండాలి. మిగతాది నీ ఇష్టం."

మెడికల్ అసిస్టెంట్ ఫ్రిజ్ తెరిచి ఒక సీసా తీసి వెలుతురుకు పట్టి చూపించాడు. కొండల్లో పుట్టినవాడు, ఆ ఎండ అంటేనే భయం అతనికి. మందు తేటగా ఉండాలి. ఆ సీసాలో పాలు కలిపినట్టు మసకబారింది.

"ఇవన్నీ పారేయాలి. కొత్తవి వచ్చే వారం వస్తాయి. అవీ ఇలాగే అయితే నేను ఇక్కడ ఉండి లాభం లేదు," అన్నాడు.

ఆ సాయంత్రం వైర్‌లెస్ ఆపరేటర్ టీ గ్లాసు పట్టుకుని వచ్చి నా పక్కన కూర్చున్నాడు. నావైపు చూసి తెలుగులో మొదలుపెట్టాడు.

"అన్న, నీది బోధనట గద. మాది మోస్రా. ఏడాదాయె తెలుగు మాట్లాడక. నోరు కుట్టేసినట్టున్నది."

"మోస్రాల ఎవలింట్ల?" అన్నాను.

"చెప్తే నువ్వు గుర్తువడతవా? మావోళ్లు వరి ఏస్తరు, పెద్ద పేరేం లేదు. గది ఇడిసిపెట్టు. ఈ డబ్బ సంగతి జెప్పు. ఎండకు పోతున్నదా, ఇంకేదన్న ఉన్నదా?"

"ఏమో. సూడాలె," అన్నాను.

నిజంగానే తెలియదు. తెలుసుకోవాలని మాత్రం చాలా ఉంది. ఆ ఎండలో మేమందరం పనిచేస్తున్నాం. సెట్టు పనిచేస్తోంది. ఇన్వర్టర్ ఒక్కటే ఎందుకు పడిపోతోంది?

మర్నాడు వెలుతురు రాగానే చూశాను. నాకు ముందున్న మెకానిక్ జాగ్రత్తపరుడు. ఇసుక పోకూడదని ఇన్వర్టర్‌ను రేకు పెట్టెలో పెట్టి, పెట్టెకు తలుపు పెట్టి, తలుపు సందుల్లో గుడ్డ కూరి, బంకర్ పడమటి గోడకు బిగించాడు. పెట్టె మీద గోనె సంచి మరకలున్నాయి. వేడెక్కినప్పుడల్లా వంటవాడు తడి గోనె కప్పేవాడట. ఒక మూల తుప్పు మొదలైంది. ముందు ఆ తడి గోనె మాన్పించాను. కరెంటు ఉన్న పెట్టె మీద నీళ్లు పోసి చల్లబరచడం ప్రాణంతో ఆడుకోవడమే.

తర్వాత ఇన్వర్టర్ విప్పాను. ముందు లైట్లు, ఫ్రిజ్ ఆపాను. పలకల నుంచి వచ్చే తీగ తీశాను, తర్వాత బ్యాటరీ తీగ. కాసేపు ఆగాను. తీగలు తీసినా లోపల కొంతసేపు కరెంటు నిలిచి ఉంటుంది, వెంటనే చెయ్యి పెట్టకూడదు. మూత తీస్తే గోధుమపిండిలాంటి సన్నటి ఇసుక. వేడిని వదిలే అల్యూమినియం రెక్కల మధ్య పొరలు పొరలుగా పేరుకుంది. ఫ్యాన్ రెక్కలకూ అంటుకుంది. నా షేవింగ్ బ్రష్‌తో అంతా దులిపాను. మళ్లీ బిగించాను.

ఆ రోజు కాస్త ఆలస్యంగా పడిపోయింది. అంటే దుమ్ము ఒక కారణమే. అదొక్కటే కాదు.

పెట్టె తలుపు తెరిచి ఉంచి చూశాం. వేడి తగ్గింది కానీ రెండో రోజు గాలిదుమారం వచ్చి లోపలంతా ఇసుక నింపింది. మళ్లీ షేవింగ్ బ్రష్. ఆపరేటర్ నవ్వాడు. "గడ్డం ఇంక ఇసుకతోనే గీసుకుంటవా అన్న?"

ఆ పోస్టులో అందరూ వేడి ఎక్కడి నుంచి వస్తోందని మాట్లాడేవాళ్లు. సూర్యుడిని తిట్టేవాళ్లు. ఇన్వర్టర్ పనిచేస్తే తనంతట తానే వేడి పుట్టిస్తుంది. దాన్ని ఆపలేం. ఆ పుట్టిన వేడి ఎటు పోతోంది? నాకు అది చూడాలనిపించింది. గాలి కంటికి కనిపించదు. సుబేదారు బంకర్‌లో చిన్న దేవుడి పటం ఉంది. వెళ్లి ఒక ఊదుబత్తి అడిగాను.

"పూజ చేస్తావా దానికి?" అన్నాడు.

"లేదు సాబ్. గాలి చూస్తాను."

ఆయనకు కూడా చూడాలనిపించినట్టుంది, వెంట వచ్చాడు. ఆపరేటర్ కూడా చేరాడు. రేకు పెట్టెలో ఊదుబత్తి పెట్టి, తలుపుకు బదులు పాత జీపు అద్దం ముక్కను అడ్డుపెట్టి, టార్చి వేశాను. ఇన్వర్టర్ ఫ్యాన్ పొగను కుడివైపు నుంచి బయటికి తోసింది. ఆ పొగ పెట్టె గోడకు తగిలి, పైకి లేచి, తిరిగి వచ్చి, ఎడమవైపు నుంచి ఇన్వర్టర్‌లోకే పోయింది. మళ్లీ కుడి నుంచి వచ్చింది. మళ్లీ ఎడమ నుంచి పోయింది. ముగ్గురం తలలు దగ్గర పెట్టుకుని చాలాసేపు చూశాం.

"వదిలిన ఊపిరే పీల్చుకుంటోంది," అన్నాడు సుబేదారు.

అంతే సంగతి. ఫ్యాన్ బాగానే తిరుగుతోంది. తిప్పుతున్నది మాత్రం అదే వేడి గాలి.

దాన్ని అక్కడి నుంచి తీసేద్దామన్నాను. సామాన్ల బంకర్ సగం భూమిలో ఉంది. దాని ఉత్తరపు గోడకు ఎండ పెద్దగా తగలదు. ఇన్వర్టర్ మార్చినంతసేపు కరెంటు ఉండదు. వైర్‌లెస్‌ను చేత్తో తిప్పే చిన్న జనరేటర్ మీద నడపాలి. వంతులవారీగా తిప్పాం. సుబేదారు కూడా తన వంతు తిప్పాడు. ఆపరేటర్ సెట్టులో చెబుతుంటే వినిపించేది: "కరెంటు పని జరుగుతోంది. సిగ్నల్ బలహీనంగా రావచ్చు. ఓవర్." అటువైపు నుంచి ఎవరో అడిగారు, ఏం పని అని. "గాలి పని. ఓవర్," అన్నాడు.

గోడకు రెండు చెక్కపట్టీలు కొట్టి వాటి మీద ఇన్వర్టర్ బిగించాను, వెనక కూడా గాలి ఆడేలా. నాలుగు వైపులా జానెడు ఖాళీ. రెక్కలు నిలువుగా ఉండేలా తిప్పాను. వేడి గాలి తనంతట తాను పైకి పోతుంది, దానికి దారి అడ్డం లేకపోతే చాలు. బ్యాటరీలను దాని కింద పెట్టలేదు, పక్కకు జరిపాను. అవి వదిలే ఆవిరి ఇనుమును, రాగిని తినేస్తుంది. గోడ కింద ఒక కన్నం, అక్కడ పల్చటి మల్లుగుడ్డ. కప్పు దగ్గర ఇంకో కన్నం, దాని మీద చిన్న రేకు చూరు. చల్లగాలి కింద నుంచి రావాలి, వేడిగాలి పై నుంచి పోవాలి. మళ్లీ ఊదుబత్తి వెలిగించాను. పొగ ఈసారి తిరిగి రాలేదు. నేరుగా పైకి లేచి కన్నంలోంచి బయటికి పోయింది. వంటవాడు బయట నిలబడి అరిచాడు, వస్తోంది వస్తోంది అని.

ఆ మధ్యాహ్నం అది ఆగలేదు. ఆ వారమంతా ఆగలేదు. కొత్త మందు సీసాలు వచ్చాయి. మెడికల్ అసిస్టెంట్ రోజుకు రెండుసార్లు ఫ్రిజ్ లోపలి థర్మామీటర్ చూసి, తలుపు వేసి దాని మీద ఒకసారి అరచేత్తో తట్టేవాడు. అది అతని సంతోషమని తర్వాత తెలిసింది.

మే నెలలో ఒకరోజు మళ్లీ బీప్ బీప్. పరుగెత్తాను. గాలి బాగానే ఆడుతోంది. దుమ్ము లేదు. బ్యాటరీ నుంచి వచ్చే తీగల దగ్గరికి చెయ్యి వెనక భాగం తీసుకెళ్లాను. తాకించను, దగ్గర పెడతానంతే. ఎర్రతీగ చివర సెగ తగిలింది. అన్నీ ఆపి విప్పితే నట్టు వదులైంది. దాని చుట్టూ ప్లాస్టిక్ గోధుమరంగుకు మారి కాస్త కరిగింది కూడా. పగలు వేడికి సాగి, రాత్రి చల్లదనానికి ముడుచుకుని, మళ్లీ సాగి, మళ్లీ ముడుచుకుని, నట్టు తనంతట తానే వదులైపోతుంది. వదులైన చోట వేడి పుడుతుంది. ఆ వేడికి ఇంకా వదులవుతుంది. తీగ చివర కోసి, కొత్తగా బిగించాను. ఆ తర్వాత నెలకోసారి అన్ని నట్లూ పానాతో చూడటం అలవాటు చేసుకున్నాను.

జూన్‌లో వంటవాడిని పాము కరిచింది. కట్టెల కింద చెయ్యి పెట్టాడు. కుడిచేతి చూపుడువేలు. మిట్టమధ్యాహ్నం, ఏడాదిలోకెల్లా వేడి రోజులవి. అతను కేక కూడా వేయలేదు. చెయ్యి పట్టుకుని వచ్చి వంటశాల గడప మీద కూర్చున్నాడు. మెడికల్ అసిస్టెంట్ ఫ్రిజ్ తెరిచాడు. సీసా వెలుతురుకు పట్టాడు. తేటగా ఉంది. ఆపరేటర్ సెట్టు మీద ఉన్నాడు.

"పాము కాటు. ఒక మనిషి. మందు ఇస్తున్నాం. బండి పంపండి. ఓవర్."

"బండి బయలుదేరింది. మందు సరిపోతుందా? ఓవర్."

మెడికల్ అసిస్టెంట్ తల ఊపాడు. "సరిపోతుంది. ఓవర్," అన్నాడు ఆపరేటర్.

వంటవాడి చిగుళ్ల నుంచి నెత్తురు రావడం మొదలై, ఆగింది. బండి వచ్చి తీసుకెళ్లింది. చాలా వారాలు ఆస్పత్రిలో ఉన్నాడు. బతికాడు. వేలు మాత్రం వంగిపోయింది, మళ్లీ తిన్నగా కాలేదు. ఆ రాత్రి నేను మెడికల్ అసిస్టెంట్‌ను అడిగాను, మనం ఇన్వర్టర్ బాగుచేయకపోతే ఏమయ్యేదని.

"ఏమో. సగం పాడైన మందు కూడా ఒక్కోసారి పనిచేస్తుంది. ఒక్కోసారి చేయదు. నాకు తెలియదు," అన్నాడు. ఆ జవాబు నాకు నచ్చింది. గొప్పగా చెప్పుకోవడానికి ఏమీ మిగల్చలేదు, అయినా ఆ సీసా తేటగా ఉందన్నది మిగిలింది.

మరుసటి ఏడాది వానలు మొదలయ్యే వేళకు ఆ పోస్టు నుంచే పింఛను మీద ఇంటికి వచ్చాను. నిజామాబాద్ స్టేషన్‌లో దిగితే ముసురు. బోధన్ బస్సు అద్దాలన్నీ ఆవిరి పట్టి ఉన్నాయి. చెయ్యితో తుడిచి చూస్తే రెండువైపులా చెరకు తోటలు. అంత పచ్చదనం చూసి కళ్లు అలిసిపోయాయి.

మా అక్క లక్ష్మి బోధన్‌లోనే ఉంటుంది. బావ సాయిలు చెరకు ఫ్యాక్టరీలో సీజన్ పనికి పోతాడు. గానుగ ఆడే చలికాలంలో పని, వానాకాలంలో ఖాళీ. ఆ నెలల్లో ఇల్లు గడిచేది అక్క చుట్టే బీడీల మీదే. కరెంటు కోతలకు విసిగి బావ ఒక సోలార్ పలక, బ్యాటరీ, ఇన్వర్టర్ నిజామాబాద్ నుంచి తెచ్చి పెట్టించాడు. నేను కాళ్లు కడుక్కుని కూర్చున్నానో లేదో మొదలుపెట్టాడు.

"మంచిగొచ్చినవు బామ్మర్ది. గిది వేడెక్కి బందయితున్నది. ఎండకాలం మొత్తం మంచిగ నడిచింది. వానలు పడ్డకాన్నుంచి గిట్లయింది."

నేను విన్నది సరిగ్గానేనా అని మళ్లీ అడిగాను. ఎండాకాలం బాగుంది, వానాకాలం వేడెక్కుతోందా?

"ఔ. రోజూ కాదు. వారంల మూడు నాలుగు పూటలు. దుకాణపాయన వచ్చి సూసిండు. నెమ్ము పట్టిందన్నడు. ఆయన ఉన్నంతసేపు మంచిగనే నడిచె."

నాకు నిద్రపట్టలేదు. ఎడారిలో అన్నీ చూశాననుకున్నాను, ఇది చూడలేదు. పొద్దున్నే విప్పాను. లోపల గోధుమరంగు పొడి కొద్దిగా ఉంది. వాసన చూస్తే తంబాకు. బీడీలు చుట్టే ఇల్లు కదా, ఉంటుందిలే అనుకుని దులిపాను. నట్లన్నీ గట్టిగా ఉన్నాయి. గూట్లో పెట్టారు కానీ పైన ఖాళీ ఉంది, గాలి ఆడుతుంది. ఎండ తగలదు. రోజంతా దాని ముందే పీట వేసుకుని కూర్చున్నాను. చక్కగా నడిచింది. మర్నాడూ కూర్చున్నాను. అక్క రెండుసార్లు వచ్చి, "ఇంక ఎంతసేపు గూసుంటవు తమ్మి," అని అడిగి వెళ్లింది. నామీద జాలి అనుకున్నాను.

మూడో రోజు బజారుకు పోయాను. పది అడుగులు వేశానో లేదో వాన పెద్దదైంది. గొడుగు కోసం వెనక్కి వచ్చాను. ఇన్వర్టర్ మీద వెడల్పాటి చేట. చేట నిండా బీడీ కట్టలు. వాటి మీద కప్పిన తువాలు కిందికి జారి ఫ్యాన్ సందులను మూసేసింది. అక్క నన్ను చూసి చేట అందుకోబోయింది.

"అక్క, గిదేంది?"

"ఏం లేదు తమ్మి. అది ఎచ్చగుంటది గద. బీడీలు ఆరుతయని పెడుతున్న. ఎవరన్న సూడ వస్తే తీస్త, ఇల్లు చిందరవందర ఎందుకని."

బావ గుమ్మంలోనే ఆగిపోయాడు. "దుకాణపాయన వచ్చినప్పుడు గూడ తీసినవా?"

"తీయనా మరి? పరాయోడు ఇంట్లకొస్తే."

బావకు కోపం రాలేదు. గోడకు ఆనుకుని కింద కూర్చుండిపోయాడు. నాకు నవ్వు వచ్చింది. అక్కకు రాలేదు.

"నవ్వకు తమ్మి. వానల తడి బీడీలు ఇస్తే లెక్క సూసి తీసుకునే టేకేదారు పక్కకు పారేస్తడు. కట్టకు రెండు మెత్తగున్నా కట్టంత పాయె. పొయ్యి మీద పెడితే ఆకు పలుగుతది. పొగ వాసన పడతది. ఇగ యాడ పెట్టాలె? చెప్పు."

నా నవ్వు ఆగిపోయింది. ఆమె అడిగింది సరైన ప్రశ్న. చేట పెట్టకు అని చెప్పడం నాకు తేలిక. ఆమె బీడీలకు వేడి కావాలి. ఇన్వర్టర్ వేడిని వదిలించుకోవాలి. ఒకళ్లకు అక్కర్లేనిది ఇంకొకళ్లకు అవసరం. ఇద్దరి మధ్యా చోటు లేకపోవడమే తగువు.

గూట్లోంచి ఇన్వర్టర్‌ను తీసి, చెక్కపట్టీలు కొట్టి ఎదురుగోడకు నిలువుగా బిగించాను. బావ సుత్తి అందించాడు. పక్కనున్న గోనెసంచులు, ఎండుటాకుల మూట అవతలి గదిలోకి మార్పించాను. వేడి వస్తువు దగ్గర అవి ఉండకూడదు. తర్వాత అక్కను ఊదుబత్తి అడిగాను. పొగ ఇన్వర్టర్ మీది నుంచి లేచి, గోడ వెంట పోయి, వాసం దగ్గర ఇటువైపు వంగింది. అక్క దగ్గరికి వచ్చి చెయ్యి ఎత్తి ఆ పొగలో పెట్టింది. ఇంకాస్త పైకి. ఇంకాస్త ఇటు.

"గీడ ఎచ్చగున్నది," అంది.

సరిగ్గా అక్కడే, ఇన్వర్టర్‌కు చేతి పొడవు పైన, కాస్త పక్కకు, వాసానికి నాలుగు తీగలు కట్టి చేటను వేలాడదీశాం. తంబాకు పొడి కిందికి రాలకుండా చేటలో పల్చటి గుడ్డ పరిచింది. అంత దూరంలో గాలి చేతికి గోరువెచ్చగా తగులుతుంది, అంతే. బీడీలకు అది చాలు. వారానికోసారి కరెంటు ఆపి, పొడి బ్రష్‌తో పైపైన దులపమని, నట్టు వదులైనట్టు అనిపిస్తే తాను ముట్టుకోకుండా నన్ను పిలవమని చెప్పాను. పీటకు, తువాలుకు, దేవుడి పటానికి కూడా దాని మీద చోటు లేదని చెప్పాను.

"దేవుని పటం పెట్టిన్నా నేను?" అంది.

"రేపు పెడతవేమోనని చెప్తున్న."

అప్పుడు నవ్వింది.

ఆ వానాకాలం ఇన్వర్టర్ మళ్లీ ఆగలేదు. నెల దాటాక ఒక సాయంత్రం అక్క ఇంటికి వెళ్లాను. వాన కొడుతోంది. గల్లీ అంతా కరెంటు పోయింది. ఇళ్లన్నీ చీకటి. అక్క ఇంటి తలుపు మాత్రం తెరిచి ఉంది, వెలుతురు గడప దాటి నీళ్లలో పడుతోంది. గుమ్మం ముందు చెప్పులు, చాలా జతలు, తడిసి.

లోపలికి చూశాను. గల్లీలో ఆడవాళ్లు అందరూ వచ్చేశారు. మోకాలికి మోకాలు ఆనించి కూర్చున్నారు. ఒక్కొక్కరి ఒడిలో ఒక చేట. తలలు వంచి, ఒక్క ట్యూబ్‌లైటు కింద, మాట లేకుండా చుడుతున్నారు. ఆకు పరవడం, తంబాకు పోయడం, మడవడం, దారం చుట్టడం. అన్ని చేతులూ కదులుతున్నాయి. ఒక్క మనిషీ కదలడం లేదు. కప్పు మీద వాన చప్పుడు, కింద ఆకుల చిరుచప్పుడు.

నేను లోపలికి పోలేదు. కూర్చోవడానికి చోటు లేదు. చూరు కింద నిలబడి ఆ చేతులను చూస్తూ ఉండిపోయాను.

సైన్యంలో ఇరవై ఏళ్లు ఉన్నాను. కళ్లు మూసుకుంటే కనిపించేది ఆ గదే.